వదినె నవ్వు నేర్చుకున్న సంగతి

మస్కట్

వదినెకు సుజాత దండాలు.

నువ్వు, అన్న, అమ్మ, చిన్ని అందరు పానం మంచిగుండి ఉన్నరని తలుస్తున్న. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను మంచిగున్న. ఈసారి వట్టి మాట కాదు, నిజంగనే మంచిగున్న. ఇక్కడ ఎండలు జర తగ్గినయి, సాయంత్రం సముద్రం దిక్కు పోయొస్తున్న. హాస్టల్ల పెట్టే లావు బియ్యం బువ్వే ఇంక అలవాటు కాలే.

ఫోన్ ఉండంగ ఉత్తరమేంది అనుకుంటవు. ఫోన్ల నీ గొంతు వినంగనే నా గొంతు మారుతది వదినే. రాస్తుంటె గా బాధ లేదు. జర ఓపికగ చదివి, అన్నకు, అమ్మకు నీ మాటల్ల చెప్పు.

పోయిన నెల నౌకరి ఇడిసిపెట్టి కోరుట్లకు వస్త అన్నప్పుడు, దవాఖానల ఎవరన్న ఏమన్న అన్నరా అని మీరంత పరేషాన్ అయిండ్రు. అమ్మ కొండగట్టు దేవునికి మొక్కింది గూడ. ఎవ్వరు ఏమనలే. పేషెంట్ల పని నాకిష్టమే. నలుగురి నడుమ నవ్వుకుంట ఉండుడే బరువు. డ్యూటి దిగినంక బాత్‌రూంల లైట్ బంద్ చేసి కూసుంట. పానం కుదుటపడ్డంకనే మీకు ఫోన్ చేస్త.

నా రూంల ఉండే జిన్సి కేరళ పిల్ల, నాలెక్కనే నర్సు. ఒకనాడు అడిగింది, “ఇంటికి ఫోన్ చేసే ముందల గోడతోని ఏం మాట్లాడుతవు?”

“ఏం మాట్లాడాల్నో ఒకసారి అనుకుంట. అందరు గట్లనే చేస్తరు గద?”

“చెయ్యరు” అన్నది.

వాళ్లన్నకు ఆటిజం ఉన్నదని పెద్దయినంకనే తెలిసిందంట. అది రోగం కాదంట, పుట్టుకతోనే మెదడు తీరు వేరుగుంటదంట. గసొంటోళ్లు కొందరు పదిమందిల కలిసిపోవాలని తమ తీరు దాసుకొని, పక్కోళ్ల తీరు తొడుక్కుంటరు. ఎంత దాస్తున్నమో మనకు మనమే చూసుకునేటందుకు కొన్ని ప్రశ్నలున్నయి. జిన్సి ఫోన్ల చూసి ఒక్కొక్కటి అడిగింది. ఎదుటోళ్ల కండ్లల్లకు బలవంతంగ చూస్తవా? లేదన్న. మాటలు ముందుగాల్నే తయారు చేసుకుంటవా? లేదన్న.

“నా మొఖం చూసి, నాకేది నచ్చుతదో గదే చెప్తున్నవు. గోడ దిక్కు తిరిగి చెప్పు” అన్నది.

గోడ దిక్కు తిరిగిన. ఇగ అన్నిటికి అవునే వచ్చింది. ఇంకొకళ్ల నవ్వు చూసి నేర్చుకున్నవా అన్నకాడ నువ్వే యాదికొచ్చినవు.

నువ్వు సిరిసిల్ల నుంచి మా ఇంటికి పెండ్లయి వచ్చినప్పుడు నేను ఇంటర్ల ఉన్న. “అయ్యో, గట్లనా” అని తల పక్కకు వంచి నువ్వు నవ్వితె ఎంత మొండోళ్లన్న కరిగేటోళ్లు. నేను అద్దం ముందల నిలబడి గా నవ్వు నేర్చుకున్న, గా తల వంచుడు గూడ. జగిత్యాలల నర్సింగ్ చదివినన్ని రోజులు, ఇక్కడి ఇంటర్వ్యూల, అంతట నీ నవ్వే నవ్విన. బాధపడకు వదినే. గా నవ్వు నాకు బువ్వ పెట్టింది. కని పొద్దంత మోసేవరకు పానం సోలుతున్నది.

ఇక్కడి డాక్టరమ్మకు గూడ చూపించుకున్న. గీ ప్రశ్నలతోనే ఖాయం చెయ్యరాదు, నింపాదిగ చూద్దాం అన్నది. ఏం తేలుతదో తెల్వది. తేలేదాక ఆగబుద్ధి కాలే. మా పెద్ద నర్సు మేడం దగ్గరికి పోయిన.

“మేడం, మీరు మాట్లాడేటప్పుడు కిందికి చూస్తె వింటలేనని కాదు. కిందికి చూస్తెనే నాకు మంచిగ వినపడ్తది. మధ్యాహ్నం బువ్వ గూడ ఒక్కదాన్నే తింట.”

ఆమె సొరుగుల నుంచి నేనిచ్చిన రాజీనామా కాయితం తీసింది.

“గిందుకా పోతనన్నవు?”

“అవును మేడం.”

“నాకు పేషెంట్లను చూసుకునే నర్సు కావాలె. నీ కండ్లు యాడన్న పెట్టుకో” అని నా రాజీనామా వాపసిచ్చింది.

అందరు గట్ల లేరు. ఒకామె నాకు పొగరెక్కింది అన్నదంట. రెండు రోజులు మనసుల కలుక్కుమన్నది, ఇప్పుడు లేదు. మొన్న జిన్సి పప్పుచారుల ఉప్పనుకొని చక్కెర ఏసింది. నాకు నవ్వొచ్చింది. సప్పుడు లేదు, భుజాలే ఊగుతున్నయి. ఏడుస్తున్ననుకొని ఆ పిల్ల భయపడ్డది. నా సొంత నవ్వు గట్లుంటదని నాకు గూడ అప్పుడే తెలిసింది.

అందుకే ఇప్పుడు వస్తలేను, సెలవులకే వస్త. కొండగట్టుకు మాత్రం పోయి రాండ్రి, మంచే జరిగింది గద. నేను వచ్చినంక చుట్టాల నడుమ లేచి మేడ మీదికి పోతె, నా ఎనుక ఎవ్వరిని తోలకు. కోపంతోని పోయిందని అమ్మను అనుకోనియ్యకు. నీ మిషన్ మీద రెండు మెత్తటి కాటన్ కుర్తాలు కుట్టి ఉంచు, మెడ దగ్గర గరుకు లేకుంట.

అన్నకు దండాలని చెప్పు. అమ్మ కాళ్లు మొక్కుతున్నననుకో, దీవెన పెట్టమను. చిన్నికి ముద్దులు. జవాబు ఫోన్ల వద్దు, రాసి పంపు. ఏం రాయాల్నో తోచకుంటె, ఇయ్యాల దుకాణానికి ఎవరొచ్చిండ్రో, ఏం కుట్టమన్నరో గదే రాయి. నాకు గది చాలు.

నీ ఆడబిడ్డ,
సుజాత