ప్రమాణం వేళ మోగిన పాట

ఆదోని,
మంగళవారం.

ప్రియమైన కృపమ్మకు,

ఫోనులో అయితే నా గొంతు పెరుగుతుంది, నీవు పెట్టేస్తావు. అందుచేత కాగితం మీద వ్రాస్తున్నాను. కడవరకు చదువు.

మీ తమ్ముడి కూతురు హేమ పెండ్లి కోసం ఆ చిన్న పెట్టెను ఇరవై రోజులు కూర్చొని చేశాను. ఎమ్మిగనూరు చర్చి యాంప్లిఫయరుకు పనిచేసే సాకెట్టు ఒక్కటే. ల్యాప్‌టాప్‌లోని పాట, ప్రమాణం చేయించే అయ్యగారి మైకు, రెండూ అందులోకే పోవాలి. బొత్తాం నొక్కితే పెట్టెలోని రిలే పాటను తప్పించి మైకును కలుపుతుంది; వదిలితే మళ్లీ పాట. వేరే ప్లగ్గు అక్కరలేకుండా ల్యాప్‌టాప్ యు.ఎస్.బి. పోర్టు నుండే దానికి కరెంటు తీసుకున్నాను. మిల్లులో పదిసార్లు పరీక్షించాను. ఒక్కసారీ తప్పలేదు.

అయినా, "ఈ రమేష్‌ను భర్తగా స్వీకరించుట నీకు ఇష్టమేనా?" అని అయ్యగారు హేమను అడిగిన వెంటనే పెట్టె చచ్చిపోయింది. మైకు మూగబోయి, ల్యాప్‌టాప్‌లో నడుస్తూనే ఉన్న పాట చర్చి దద్దరిల్లేలా మోగింది. పిల్ల జవాబు ఎవరికీ వినపడలేదు. జనమంతా నవ్వారు. మీ తమ్ముడు యేసేపు అంతమందిలో, "ఏం బావా, రాత్రి బడిలో సదివినోళ్లకు పగలు పెండ్లి సేసేది రాదా?" అన్నాడు. దానికీ ఓర్చుకున్నాను. మిల్లు షిఫ్టు దిగి, తలకంటిన దూదితోనే బడికి పోయి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఇటువంటివి చాలా విన్నాను. కానీ తల తిప్పి చూస్తే ఆడవారి వరుసలో నీవూ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నావు.

అది మాత్రం మింగుడు పడలేదు. ఇకమీదట మీ పుట్టింటి గడప తొక్కను. నీవు అక్కడే ఉండి చేయిస్తున్న ఆదివారం పెండ్లి విందుకు నాకోసం చూడవద్దు.

మాదన్న


ఆదోని,
శనివారం.

కృపమ్మా,

మన పొరుగింటి ఈరమ్మ చేతికిచ్చి పంపిన నీ జవాబు అందింది. నాలుగుసార్లు చదివాను.

"నిన్ను సూసి నవ్వలేదు. అంత పాట మోగుతాంటే ఆ పిల్ల ఇష్టమే, ఇష్టమే అని అరస్తా ఉండె, దానికి నవ్వొచ్చె. నీ కోటు ఈపున తడిసి ముద్దయింటే సూడలేక, ప్రార్థనలో అందరూ కండ్లు మూసుకున్నప్పుడు నా సంచిలోని సిన్న ఫ్యాను నీ పెట్టెకు కరెంటొచ్చే జాయింటులో ఖాళీ బొక్కకే తగిలిచ్చినా. తప్పు నాదే, అందరి ముందర సెప్తాలే" అని వ్రాశావు.

మిల్లులో కొలిచి చూశాను. పెట్టె ఒక్కటే అయితే పోర్టు ఇచ్చేదానిలో అయిదో వంతు కూడా తీసుకోదు. అటువంటి ఫ్యాను తోడైతే పోర్టు కాసేపు మోసి ఆగిపోతుంది. మీ తమ్ముడి ముందు పెట్టాలని అంకెలన్నీ తెల్లకాగితం మీద వేశాను. వేస్తుండగానే నా తప్పు కనబడింది. కరెంటు పోతే రిలే పాట వైపుకు పడేలా కట్టినవాణ్ణి నేనే. మైకు వైపుకు పడేలా కట్టి ఉంటే, ఫ్యాను తిరిగినా, పోర్టు ఆగినా, హేమ మాట అందరికీ వినిపించేది. పెండ్లిలో పాట కంటే మాట ముఖ్యమని నాకు తట్టలేదు.

నీవు ఎవరి ముందూ ఏమీ ఒప్పుకోవద్దు. యేసేపుతో నేనే చెబుతాను, నవ్వితే నవ్వనీ. తీగలు మార్చి కట్టాను. హేమ ఒప్పుకుంటే విందులో ఆ ప్రశ్న మళ్లీ ఒకసారి మైకులో అడిగిద్దాం.

రేపు మొదటి బస్సుకు వస్తున్నాను. కోటు వేసుకొనే వస్తాను. ఫ్యాను గోడ ప్లగ్గుకు తగిలించి ఉంచు.

నీ
మాదన్న