శశికళ ఆంటీకి అత్తయ్య చెప్పిన నిజం

అనూప్, సాంబారు స్టవ్ మీద ఉంది, వేడి చేసుకో. మూడున్నరకి ఈషాన్‌ని స్కూల్లో పికప్ చెయ్యి. నేను అత్తయ్యను లైబ్రరీలో సీనియర్స్ మీటింగ్‌కి తీసుకెళ్తున్నాను.

పొద్దున శశికళ ఆంటీ అత్తయ్యకు ఫోన్ చేశారు. ఆన్‌లైన్‌లో పరిచయమైన లండన్ ఇంజనీరు తనకు నగలు పంపాడని, కస్టమ్స్ ఫీజు కడితే పార్సిల్ చేతికొస్తుందని మురిసిపోతూ చెప్పి, ఆ నగల ఫొటో పంపారు. అది చూసి అత్తయ్య మొహం పాలిపోయింది. పోయినేడాది తనకు వచ్చిన ఫొటో కూడా అదేనట. మామయ్య పోయాక రోజూ సాయంత్రం అలాంటివాడితోనే కబుర్లు చెప్పుకునేవారట. మూడుసార్లు ఫీజు కట్టాక వాడు మాయమయ్యాడు. మనం పక్క గదిలోనే ఉన్నాం, అనూప్. ఏనాడైనా పలకరించామా?

ఏడాదిగా సిగ్గుతో దాచుకున్న సంగతిని అత్తయ్య ఒక్క క్షణంలో చెప్పేశారు.

"శశీ, పైసా పంపకు. నేనూ ఇలాగే మోసపోయాను."

ఆంటీ చాలాసేపు ఏడ్చారు, కానీ డబ్బు పంపలేదు.

ఫోన్ పెట్టేశాక అత్తయ్య, "ఇవాళ మీటింగ్‌లో అందరికీ చెప్తాను, డ్రైవ్ చేస్తావామ్మా?" అన్నారు.

"ఎవరికో జరిగినట్టు చెప్పండి అత్తయ్యా" అన్నాను.

"ముప్ఫయ్యేళ్ళు డాక్టరుగా చేసినదాన్ని, నేనే నమ్మానంటే అప్పుడు వింటారు."

ఇప్పుడు అద్దం ముందు నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నారు. ఇలాంటి మనిషి మన ఇంట్లో ఉన్నందుకు నాకు ఎంత గర్వంగా ఉందో!

ఉజ్వల

అన్నట్టు, అమ్మ రాగానే ఎంత పోయిందని అడగకు. ఎలా మాట్లాడావమ్మా అని అడుగు.