దోనె పక్కకి తిప్పిన రోజు

విజయవాడ,
ఆగస్టు 1998

నాన్నా,

ఈ ఉత్తరం చెల్లి సుధామణి నీకు చదివి వినిపిస్తుంది. మధ్యలో ముక్కలు మింగెయ్యొద్దని దానికి గట్టిగా చెప్పు.

నేనిక్కడ బి.కాం. మానేస్తాను. విశాఖపట్నం కాలేజీలో బి.ఎస్సీ. జువాలజీ, అంటే చేపలూ జంతువుల చదువు, సీటొచ్చింది. మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చదవాలి. డిగ్రీ అవగానే నన్ను తన చేపల కంపెనీ ఆఫీసులో కూర్చోబెడతానని బసవయ్య మావయ్య అంటే, నువ్వు సరేనని మాటిచ్చావు. అందుకే ఇన్నాళ్లూ నోరెత్తలేదు.

ఏం చెయ్యను నాన్నా, సారు పాఠం చెబుతుంటే నల్లబల్ల కొల్లేరయిపోతోంది. చిన్నప్పుడు నన్ను దోనెలో తీసుకెళ్లిన పొద్దు గుర్తుందా? మంచులో నీళ్లేవో ఆకాశమేదో తెలియలేదు. తూటికాడల పక్కన కొరమేను పిల్లలు గుంపుగా, కుంకుమ చల్లినట్టు ఎర్రగా తేలాయి. కింద తల్లి కాపలా ఉంటుందన్నావు. వల వేస్తే అది దొరికేదే. కానీ పిల్లలున్నచోట మనవాళ్లు వల వెయ్యరని దోనె పక్కకి తిప్పేశావు. అవెందుకంత ఎర్రగా ఉన్నాయని అడిగితే, "ఏమోనమ్మా, పెద్దయ్యాక నువ్వే నాకు చెప్పు" అన్నావు.

అది చెప్పడానికే వెళ్తానంటున్నాను. ఇందులో పెట్టిన ఒప్పుదల కాగితం మీద నీ వేలిముద్ర కావాలి. మావయ్యకిచ్చిన మాట నీకు చిన్నదేం కాదు, తెలుసు. కానీ ఆ రోజు ఖాళీ దోనెతో తిరిగొస్తూ కూడా నువ్వు దారంతా పాడుతూనే ఉన్నావు.

ఇంకొక్కసారి దోనె తిప్పు నాన్నా.

నీ పెద్దమ్మాయి