అమ్మ దిగని స్పీడ్ బ్రేకర్

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. కానీ నేను చెప్పేది నీ కారు ముచ్చట.

ముందర స్ప్రింగులు, షాకబ్జర్లు కొత్తవి వేయించిన. టైరుకు, మడ్‌గార్డుకు నడుమ వేలు గూడ పట్టకపోయేది కదా, ఇప్పుడు అరచెయ్యి పడుతున్నది. ముక్కు పైకెత్తి నిలబడ్డ కారును చూసి మెకానిక్ మీద గరమైన. "కొన్ని దినాలు నడపుండ్రి మేడం, అదే కుదురుకుంటది" అన్నడు. మల్ల పాత తీరుగనే కూలబడుతదేమోనని నా పరేషాన్ నాది. లేదు, జర దిగి ఆగింది.

స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, కింద గీసుకుంటదని అందర్ని దించేటోడివి, యాదుందా? మేం నడుసుడు, నువ్వొక్కనివే కారు దాటించి అవతల మా కోసం ఆగుడు. ఆ మోకాళ్ల నొప్పులతోటి దిగుడు, ఎక్కుడు చాతగాక, నువ్వు పోయినంక అమ్మ కారే ఎక్కలే.

ఇయ్యాల బతిమాలి ఎక్కించుకున్న. కొండాపూర్ నుంచి ఖాజాగూడల అత్తమ్మ ఇంటికి పోతున్నం. హైటెక్ సిటీ కాడ స్పీడ్ బ్రేకర్ రాంగనే అమ్మ చెయ్యి తలుపు మీదికి పోయింది.

"దిగకు అమ్మా, కూసో."

"మీ బాపు ఉంటే తిడుతుండె" అని కండ్లు మూసుకున్నది.

కారు మెల్లగ ఎక్కి దిగింది. కింద చప్పుడే లేదు. నా పానం నిమ్మళమైంది.

"అయిపోయిందా?" అని అమ్మ కండ్లు తెరిసి నవ్వింది.

నీ లెక్కనే నేను గూడ అవతల కారు ఆపిన.

"ఇంక ఎక్కేటోళ్లు ఎవలున్నరే? పోనియ్" అన్నది అమ్మ.