నీ పీట మీద అమ్మ కూర్చుంది

అమ్మమ్మా,

నువ్వు వెళ్ళిపోయి నేటికి ఏడాది. చేపల బజారులో పోయినవాళ్ళ చోటు ఏడాది వరకూ ఎవరూ తీసుకోరు కదా. ఇంటివాళ్ళు వచ్చి కూర్చోకపోతే నీ చోటు ఈరోజుతో వేరొకరిదైపోయేది.

వదిలేయమని అమ్మకు చెప్పింది నేనే. ఆ చోటే నన్ను చదివించిందని తెలిసీ చెప్పాను. నాకు రుషికొండలో ఉద్యోగం వచ్చింది, ఇక అమ్మ నెత్తిన బుట్ట ఉండకూడదనుకున్నాను. పైగా అమ్మ ఎన్నడూ బేరం చేసి ఎరగదు. నువ్వు కేకలేసి అమ్ముతుంటే వెనకాల తల వంచుకుని చేపలు కోసేది.

"నీ ఉజ్జోగం నువ్వు సేసుకో. నాను మా యమ్మ కాడికెల్తన్నాను" అంటూ తెల్లవారకముందే బయలుదేరింది. నేనూ సెలవు పెట్టి వెంట వెళ్ళాను.

నీ పీట మీద కాదు, దాని పక్కన నేల మీద కూర్చుంది. రేవులో కొన్న చేపల బుట్ట ముందు పెట్టుకుని గంటసేపు ఈగలు తోలింది. పక్కన రొయ్యలమ్మే నూకాలత్త ఊరుకుంటుందా?

"ఏటే, సేపలమ్ముతన్నావా, కాపలా కాత్తన్నావా? మీ యమ్మయితే ఈపాటికి బుట్ట దులిపీసేది!"

అమ్మ ముఖం ఎర్రబడింది. లేచి పీట మీద కూర్చుని, "కానాగంతలమ్మా, కానాగంతలూ!" అని అరిచింది. మొదటిసారి గొంతు జీరబోయింది. రెండోసారి బజారంతా వినిపించింది. దారినపోయే ఒకావిడ ఆగి, చేప మొప్ప ఎత్తి చూసింది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అరిచి అరిచి అమ్మకు మాట రావడం లేదు. వేడినీళ్ళు ఇచ్చాను. తాగి, నాలుగు వేళ్ళు చూపించింది. రేపు నాలుగింటికి లేపాలట.

అలారం పెట్టాను, అమ్మమ్మా.