గాలి తలుపు మూయకండి

ఏవండీ,

కిటికీలన్నీ తెరిచిపెట్టి వెళ్తున్నాను, మూయకండి. ఎంత చలేసినా పొయ్యి వెలిగించకండి. పొగగొట్టం శుభ్రం చేసే అతనికి కబురు పెట్టాను. అతనొచ్చి చూశాకే వెలిగించాలి. అప్పుడు కూడా పొయ్యి కింద గాలి తలుపు పూర్తిగా తెరవండి. కట్టెలు బాగా అంటుకుని మంట నిలదొక్కుకున్నాక కాస్త తగ్గించవచ్చు గానీ, మొత్తం మాత్రం మూయకూడదు. గాలి చాలకపోతే కట్టె సరిగ్గా మండదు, లోలోపలే కుములుతుంది. అప్పుడు పుట్టే విషవాయువుకి వాసన కూడా ఉండదట.

అత్తయ్యని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. పొద్దున ఎంత లేపినా లేవలేదు. నేనూ పక్కింటి వడ్రంగీ కలిసి బయటికి మోసుకొచ్చాం. చాలాసేపటికి కళ్ళు తెరిచి, "వాడొచ్చాడా?" అని మీ గురించే అడిగారు. మళ్ళీ మగతలోకి జారిపోయారు.

లోపలికెళ్లి చూస్తే గాలి తలుపు బిగించి ఉంది. "అది మూసేస్తే కట్టె తెల్లారేదాకా వస్తుందమ్మా" అని ఆవిడకి నేర్పింది మీరే. నేను వద్దంటే, "నీకన్నీ భయాలే" అని కొట్టిపారేశారు. సరే, ఇది దెప్పిపొడిచే సమయం కాదు. బండి వచ్చింది, వడ్రంగి పిలుస్తున్నాడు.

ఇంకో మాట. సెలవు రోజు ఇంట్లో ఉంటేనే మీకు తలనొప్పి వస్తుందనీ, అదంతా నా నస వల్లేననీ నవ్వేవారు కదా. ఆ తలనొప్పి నాకు రోజూ వస్తోంది, మీకు చెప్పలేదు. ఇంట్లో కూర్చోకుండా వెంటనే వచ్చేయండి, ఇద్దరం కూడా చూపించుకుందాం.