రాజవ్వ ఫోనే ఎందుకు మోగాలె

బుధవారం, రాత్రి అన్నం తిన్నంక. నేను చెప్తున్న, మనుమరాలు శిరీష రాస్తుంది.

బీడీలు చుట్టేకాడ మా తోడికోడలు రాజవ్వ ఫోను పొద్దుందాక టింగుటింగుమంటనే ఉంటది. మోగినప్పుడల్లా ఆడోళ్లందరు చేతులాపి దాని మొఖమే చూస్తరు. నా ఫోను మాత్రం సప్పుడు చెయ్యదు. గీ శిరీషనే, "లోన్లిస్తం, లాటరీ తగిలిందని అన్ని దొంగ మెసేజ్‌లే అవ్వా" అని సప్పుడు బంద్ వెట్టింది. దొంగయని నాకెర్క లేదా? రాజవ్వకొచ్చేటియి గూడ గవే. అయినా కడుపు మండుతది. ఇంటికి పెద్దకోడల్ని నేను.

పొద్దుగాల లొల్లి వెట్టి ఆ సప్పుడు మళ్ల చాలూ చేపిచ్చిన. పగటీలి బీడీలకాడ నా ఫోను టింగుమన్నది. అద్దాలు వెట్టుకొని, సదువొచ్చినదాని లెక్క శానసేపు చూసిన.

"ఎవరక్కా?" అన్నది రాజవ్వ.

"మద్నూర్ల ఉన్న నా బిడ్డ. నేను యాదికొస్తున్ననట."

దాని చేతుల బీడీ ఆగింది. నా పానం సల్లవడ్డది.

"నా బిడ్డయితే గిట్ల రాయదక్కా, ఫోనే చేస్తది" అన్నది. అన్నట్టే జరసేపటికి దాని బిడ్డ ఫోన్ చేసింది. రాజవ్వ ఒకటే నవ్వుకుంట మాట్లాడింది.

శిరీషా, మీ మేనత్తకు చెప్పు. రేపు పగటీలి, బీడీలకాడ అందరున్నప్పుడే నాకు ఫోన్ చెయ్యమను. చేస్తదో, చెయ్యదో...